వాపసొచ్చిన డేరా

కలాసిపాళ్యంలో టైర్ల కొట్టు మీద
మొదటి అంతస్తు, నా మిషను పట్టేంత గది.
అద్దెకు పోయి తిరిగొచ్చిన డేరాలు
సోమవారం పొద్దున్నే మూటలుగా దిగుతాయి.
మూలకు కట్టిన చీటీ మీద పేరు, ఎన్ని రాత్రులు,
ఏం చెడిందో బోపన్న గారి వంకర రాత.

విప్పకముందే వాసన చెప్పేస్తుంది.
కొడగు పోయొచ్చిందైతే బూజు.
గోకర్ణం పోయొచ్చిందైతే చేపా, కొబ్బరినూనే.
ఈ ఆకుపచ్చది మాత్రం
ఏ వాసనా లేకుండా వచ్చింది.
అంత ఎండలో ఉడికితే గుడ్డకు
వాసన కూడా మిగలదని ఆవేళే తెలిసింది.

తంగవేలు. పదకొండు రాత్రులు. జైసల్మేరు. జిప్పు పోయింది.

జిప్పు పోలేదు.
పళ్ళ సందున ఇసుక కూరుకుంది, అంతే.
పాత బ్రష్షుతో గీకుతుంటే
సన్నగా, జల్లించిన పిండికన్నా సన్నగా
నా ఒళ్ళోకి రాలింది,
తుమకూరు దాటి ఉత్తరానికి ఎన్నడూ పోని ఒడి ఇది.

ఇసుకంటే నేనెరిగింది లారీలో వచ్చేది,
లోడు ఇంతని బేరమాడేది,
అర్ధరాత్రి లైట్లార్పి దిగేది.
దీనితో గోడ నిలవదు.
టీ గ్లాసులో పోస్తే
నీళ్ళలా సమంగా కూర్చుంది.

లోపలి జేబులో ఒక హోటలు బిల్లు,
అక్షరాలన్నీ ఎండకు ఎగిరిపోయి
నూటనలభై ఒక్కటే మిగిలింది.
ఇనప మేకులు రెండు తక్కువ.
వాటి బదులు ముళ్ళచెట్టు పుల్లలు రెండు,
కొసలు కత్తితో తీర్చి,
తాడు జారకుండా పైన నొక్కు కూడా పెట్టి
ఎవరో చెక్కిచ్చినవి.
మేకులు పోతే జరిమానా రాయాలి.
పుల్లలు వస్తే ఏం రాయాలో
బోపన్న గారి పుస్తకంలో గడి లేదు.

పడుకుంటే తల వచ్చే వైపు
గుడ్డ మీద బాల్‌పెన్నుతో పిల్లల రాత,
సగం తమిళం, సగం ఇంగ్లీషు. కూడబలుక్కున్నాను:

సాంచోర్. టీలో అల్లం ఎక్కువ.
ధోరీమన్నా. పంక్చరు. పంక్చరు తాత దుప్పటిచ్చాడు.
బాడ్‌మేర్. అమ్మ నవ్వింది.
శివ్. బంకు వెనక పడుకున్నాం. నెమలి.
దేవీకోట్. ఏమీ లేదు. చాలా బాగుంది.

మూడో ఊరి దగ్గర వేలు ఆగిపోయింది.
నవ్వితే ఊరి పేరు పక్కన
రాసి పెట్టుకోవాల్సిన ఇల్లు ఎలాంటిదో
అడగడానికి నేనెవర్ని,
చిరిగింది కుట్టేదాన్ని.

"సర్ఫు నీళ్ళల్లో రుద్దితే పోతుంది కదక్కా"
అన్నాడు సొణ్ణప్ప.
పోతుందన్నాను.
బకెట్టు మాత్రం తెమ్మనలేదు.

చీటీలో రాయని చిరుగొకటి
సరిగ్గా శివ్ పక్కనే ఉంది.
లోపల్నుంచి మాసికేస్తే నెమలి మునుగుతుంది.
పద్ధతి కాకపోయినా బయట్నుంచి వేశాను,
రంగు కలవని గుడ్డతో.

సాయంత్రం మిద్దె మీద నిలబెట్టాం,
నీళ్ళు కారుతుందో లేదో చూడాలి కదా.
ప్రతి డేరాకీ చేసేదే.
లోపలికి దూరి జిప్పు మూయడం మాత్రం
ఎప్పుడూ చేయలేదు.
గరగరమంటూనే మూసుకుంది.

కింద బస్టాండులో క్లీనర్లు
ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు,
హిందూపురం, మదనపల్లి, సేలం సేలం సేలం.
రోజూ వినే అరుపులే.
గుడ్డలోంచి వింటుంటే
అన్నీ ఈ రాత్రికే దిగి
మేకులు కొట్టుకోగలిగేంత దగ్గర.

సొణ్ణప్ప చెంబుతో పోశాడు.
నెత్తిన చినుకుల చప్పుడు.
"కారట్లేదుగా, రా అక్కా బయటికి."
ఇంకో చెంబు పొయ్యమన్నాను.
పోశాడు. ఇంకోటి అన్నాను.
"నీళ్ళ లారీ గురువారం దాకా రాదు" అని గొణిగి
అదీ పోశాడు.

పుస్తకంలో మేకులు సరిపోయాయని రాసి
మూట కట్టేశాను, పుల్లలతో సహా.
గ్లాసు మిషను పక్కనే ఉంది.
సూదులు గుచ్చుకుంటున్నాను అందులో.
తుప్పు పట్టట్లేదు.